నేను పొగ అనుకున్నది

ఆ విమానంలో నిప్పు అంటుకోలేదు. ఈ మాట మొదటే చెప్పేయడం మంచిది. కోయంబత్తూరులో మా సింగానల్లూరు వీధిలో ఇప్పటికీ ఒకరిద్దరు ముసలివాళ్లు, నేను మంటల్లో ఉన్న విమానంలోంచి నా భార్యను బతికించి తెచ్చుకున్నానని కొత్తగా కాపురానికి వచ్చినవాళ్లకు కథ చెబుతుంటారు. మొదట్లో నేను వాళ్లను వారించలేదు. తరువాత వారించబోతే వాళ్లు వినలేదు. వాళ్లకు నేను మిల్లులో నిప్పుతో పోరాడిన మనిషిని. నా పక్కన నిప్పు లేకపోతే వాళ్లకు కథ కుదరదు.

అప్పట్లో మా పేటకు గడియారం మిల్లు సంగే. సంగు అంటే సైరను. అది కూస్తే ఒక వీధి ఇంటికి వచ్చేది, ఇంకో వీధి పనికి పోయేది. మా తెలుగు కుటుంబాలు ఆ మిల్లుల చుట్టూ అల్లుకుని బతికాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, మిల్లులో యంత్రాల పేర్లన్నీ ఇంగ్లీషు. నేను బ్లో రూములో మేస్త్రీని. దూది బేళ్లు విప్పి, చీల్చి, దుమ్ము దులిపి లోపలికి పంపే చోటు అది. బేలులో ఎక్కడో ఒక ఇనుప ముక్క దాగి ఉంటుంది. అది యంత్రపు పళ్లకు తగిలి ఒక్క రవ్వ పుడితే చాలు, దూది మంట లేకుండా లోలోపలే కాలుతూ పోతుంది. మనకు మొదట కనిపించేది తెల్లటి పొగ. అది పైకప్పు నుంచి తల మీదికి దిగుతుంది. అందుకే మాకు నేర్పింది ఒకటే. పొగ కనిపించగానే నేలకు వంగాలి, తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోవాలి, పక్కవాడు లేచి పరిగెత్తబోతే పట్టి కిందికి లాగాలి.

ఒక ఏడాది నిజంగానే అంటుకుంది. తలుపు ఎటు ఉందో తెలియనంత పొగ. లేచి పరిగెత్తబోయిన ఇద్దరిని నేను కాళ్లు పట్టి పడగొట్టాను. ముఖాల మీద తడి తువ్వాలు నొక్కిపట్టి, పాక్కుంటూ బయటికి ఈడ్చుకొచ్చాను. అందులో ఒకడు విడిపించుకోవడానికి నా చేతిని రక్తం వచ్చేలా కొరికాడు. మరునాడు ఆ కొరికినవాడే భార్యతో మా ఇంటికి వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు. ఆ రోజు నేను ఒక పాఠం నేర్చుకున్నాను. కొట్టుకునేవాడికి తన మేలు తెలియదు, వాణ్ణి వదలకూడదు. అది నేర్చుకున్నందుకు చాలా గర్వపడ్డాను. ఆ ఒక్క రోజుతో నాకు మిల్లులో పేరు వచ్చింది. ఆ పేరు మీదే చాలా ఏళ్లు బతికాను. షిఫ్టులో ఎవడైనా నా మాటకు ఎదురు చెబితే, వాడికి తన మేలు తెలియదనే అనుకునేవాణ్ణి. ఇంట్లోనూ అంతే.

నా భార్య నా అక్క కూతురు. మాలో అది వాడుక. పసిపిల్లగా ఆమెను ఎత్తుకున్నవాణ్ణి నేను. పెళ్లికి ముందూ మామా అనేది, పెళ్లయ్యాకా మామా అనే అనేది. అందుకని నాకు అక్కే అత్తగారు కూడా అయింది. మా ఇంటికి రెండిళ్ల అవతలే ఆమె కాపురం. మాకు పిల్లలు లేరు.

నా భార్య కూడా అదే మిల్లులో, రీలింగు విభాగంలో నూలు చిలపలు చుట్టేది. సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలో కూర్చుని ఒకరి తలలోంచి ఒకరం దూది పోగులు ఏరుకునేవాళ్లం. మిల్లు మనుషుల ఇళ్లలో అది రోజూ ఉండే పని. వీధిలో అన్ని గుమ్మాల్లోనూ మొగుడూ పెళ్లాలూ అలాగే కనిపించేవారు. మాటామంతీ అంతా అప్పుడే. ఆమె వేళ్లు నా తలలో ఉండగానే నన్ను ఆటపట్టించేది.

"ఈ దినం చారు మాడిపోయింది మామా. నేల మీద పండుకుందునా, తువ్వాలు తడిపి ఇస్తావా?"

"నవ్వు, నవ్వు. ఒక దినం తెలుస్తుంది."

"తెలిసే దినం నువ్వు షిఫ్టులో ఉంటావులే."

ఆమె తలలో చేరిన దూదిని నేను తీశాను గానీ, ఛాతీలోకి పోయిన దుమ్మును తీయడం ఎవరి చేతిలోనూ లేదు. వారపు సెలవు అయ్యాక తిరిగి పనికి పోయిన రోజున ఛాతీ పట్టేసేది. వారం గడిచేకొద్దీ కాస్త సర్దుకునేది. కొన్నాళ్లకు సర్దుకోవడం మానేసింది. పని మాన్పించాను. మానినా ఆయాసం పోలేదు. రాత్రిపూట పడుకుంటే ఊపిరి అందక, గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేది.

అలాంటి రోజుల్లోనే మిల్లు వాళ్లు నన్ను బొంబాయి పొమ్మన్నారు. అక్కడ ఒక మిల్లులో కొత్త బ్లో రూము యంత్రాలు దించారు, ఎలా నడుస్తున్నాయో చూసి రావాలి. పోవలసిన ఇంజనీరుకు కామెర్లు వచ్చాయి. ఆయన బదులు నేను, విమానంలో. మేస్త్రీ విమానం ఎక్కడం మా వీధికి పెద్ద వార్త. బొంబాయిలో ఛాతీ జబ్బులకు పెద్ద ఆసుపత్రి ఉందని విన్నాను. భార్యను కూడా తీసుకుపోయి చూపిస్తానని అందరితో చెప్పాను. చూపించాలన్న కోరిక నిజమే. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని విమానంలో పోయానని అనిపించుకోవాలన్న కోరిక కూడా అంతే నిజం.

మిల్లు డిస్పెన్సరీలో ముసలి డాక్టరు ఒకాయన ఉండేవాడు. నా భార్య ఎదుటే నాతో తమిళంలో చెప్పాడు. పైన గాలి పలచన, ఈమె ఛాతీకి అది ఒప్పుతుందో లేదో, ఊళ్లోనే ఆర్.ఎస్. పురంలో ఛాతీ డాక్టరు ఉన్నాడు, ఒక మాట అడిగి పొమ్మన్నాడు. సరే అన్నాను. అడగలేదు. ఆయన వద్దంటాడేమోనని నా భయం. వద్దంటే వీధికి ఏమని చెప్పుకోను?

ప్రయాణానికి ముందు ఆమే ఒకసారి గట్టిగా అడిగింది. అక్క కూడా అక్కడే ఉంది.

"రైల్లో పోదాం మామా. ఏమిటికి ఈ తొందర?"

"రైల్లో దుమ్ము తింటా పోతావా? ప్లేన్‌లో దుమ్మే ఉండదు పిల్లా. కిటికీ కూడా తెరవరు."

"కిటికీ తెరవకపోతే నాకు ఊపిరెట్ల?"

"నీకు ఊపిరి నేనిస్తాలే. గమ్మునుండు."

అక్క నవ్వింది. "ఇస్తాడే, ఇస్తాడు. బకెట్లో ముంచి తెస్తాడు."

మిల్లు జీపులో విమానాశ్రయానికి పోయాం. విమానంలో ఆమెకు కిటికీ పక్క సీటు, నాకు మధ్య సీటు. నాకు ఇటుపక్క సఫారీ వేసుకున్న ఒక పెద్దాయన. కోయంబత్తూరులోనే వ్యాపారమట, తమిళంలో రెండు మాటలు మాట్లాడి పేపరు తెరిచాడు. విమానం కదలకముందు ఎయిర్ హోస్టెస్ మా వరుస ముందు నిలబడి చేతులతో ఏవేవో చూపించింది. మైకులో హిందీ, ఇంగ్లీషు. నాకు సగం కూడా అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపుతూ కూర్చున్నాను. నా భార్య మాత్రం మెడ చాచి, బడిపిల్లలా చూసింది.

"మామా, చూడు. పైనుంచి ఆ పచ్చ గిన్నె పడుతుందంట. మూతికి పెట్టుకోవాలంట."

"అదంతా ఊరికే చూపిస్తారు. నిప్పు పడితే ఏం చేయాలో ఆ పాపకు నాకంటే తెలుసునా?"

"నిప్పుకు కాదు మామా అది. గాలికి."

"శరి, శరి. బెల్టు గట్టిగా పెట్టుకో."

ఇంగ్లీషు రాని మనిషి, చేతులు చూసి అంతా గ్రహించింది. నేను పక్కకు తిరిగి, పెద్దాయనకు మా మిల్లులో పడిన నిప్పు గురించి చెప్పడం మొదలుపెట్టాను.

పైకి లేచాక ఆమె కిటికీకి నుదురు ఆనించి మేఘాలు చూసింది. కొంచెం ఆయాసపడుతోంది. అడిగితే బాగానే ఉందంది. టిఫిన్ పెట్టారు. ప్లేట్లు తీసుకుపోయారు. నేను కళ్లు మూసుకున్నాను.

పెద్ద చప్పుడు వచ్చింది. లారీ టైరు పేలినట్టు, కానీ మా తల పక్కనే. నేను వదలకుండానే నా ఛాతీలోని గాలి నోట్లోంచి బయటికి పోయింది. చెవుల్లో ఎవరో సూదులు దించినట్టయింది. ఎక్కడి నుంచో చలి, ఎముకల్లోకి పోయే చలి. పెద్దాయన పేపరు ఎగిరి ముందు సీటుకు అతుక్కుంది. కళ్లు తెరిచేసరికి విమానం నిండా తెల్లగా ఉంది. తల మీద నుంచి దిగుతున్న తెలుపు. రెండు వరుసల ముందున్న మనుషులు కనిపించలేదు. ఆ వెంటనే ముక్కుకు కాలిన వాసన తగిలింది.

అంతే. నాలోని మేస్త్రీ లేచాడు.

ఆ తెలుపు పొగ కాదని చాలా రోజుల తరువాత తెలిసింది. గాలి ఒక్కసారిగా బయటికి పోతే లోపల మిగిలిన తేమ మంచులా కమ్ముతుందట. ఆ వాసన కూడా నిప్పుది కాదు. తల పైన, ప్రాణవాయువు పుట్టించే పెట్టెలు వేడెక్కితే అలా కమురు వాసన వస్తుందట. ప్రాణం నిలబెట్టే వస్తువు వాసన అది. దాన్ని నేను చావు వాసన అనుకున్నాను.

నా బెల్టు ఊడదీసుకున్నాను. ఆమె బెల్టు ఊడదీశాను. భుజాలు పట్టి సీట్ల మధ్య సందులోకి, నేల మీదికి లాగాను. కాళ్ల దగ్గర మా నీళ్ల సీసా ఉంది. తువ్వాలు మీద కుమ్మరించి, ఆమె ముక్కూ నోరూ కలిపి నొక్కిపెట్టాను. అరవబోయాను, నాకు నా గొంతే వినపడలేదు. ఆమె కళ్లు మాత్రం కనిపించాయి. అవి నా వైపు చూడడం లేదు. నా తల మీదుగా పైకి చూస్తున్నాయి. చేయి ఎత్తి పైకి చూపించింది. లేవబోతోందనుకున్నాను. చేయి కిందికి నెట్టాను. మళ్లీ చూపించింది. మళ్లీ నెట్టాను. గోళ్లతో నా మణికట్టు గీరింది. కొట్టుకునేవాణ్ణి వదలకూడదు. నా మోకాలు ఆమె ఛాతీ మీద ఉందని నాకు అప్పుడు తెలియదు. తెలిసినా తీసేవాణ్ణి కాదేమో.

ఎవరో నా వీపు మీద గుద్దుతున్నారు. ఆ పెద్దాయన. ఆయన ముఖానికి పచ్చ గిన్నె ఉంది. వేలితో పైకి చూపిస్తున్నాడు. నా సీటు మీద ఒక గిన్నె, ఆమె సీటు మీద ఒక గిన్నె, దారాలకు కట్టిన పూలలా ఊగుతున్నాయి. వాటిని చూశాను. చూసి కూడా నాకు ఏమీ తోచలేదు. అప్పటికి తెల్లటిదంతా విడిపోయింది. విమానం లోపల ఆ చివరి నుంచి ఈ చివరి దాకా స్పష్టంగా కనిపిస్తోంది. పొగ లేదు, మంట లేదు. నా చేయి మాత్రం ఆమె ముఖం మీది నుంచి లేవలేదు.

ఆ తరువాతిది చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాకు హాయిగా అనిపించింది. చలి పోయింది, చెవుల నొప్పి పోయింది. వేలిగోళ్లు నేరేడుపండు రంగుకు తిరిగి ఉన్నాయి. వాటిని చూసి వింతగా నవ్వుకున్నట్టు గుర్తు. ఆమె కొట్టుకోవడం ఆపింది. మాట వింది, ఇక బతికిపోయింది అనుకున్నాను. సంతోషంతోనే స్పృహ తప్పాను.

మెలకువ వచ్చేసరికి విమానం ముక్కు కిందికి పెట్టి దిగుతోంది. నా ముఖానికి గిన్నె ఉంది. నేను ఆమె మీద పడి ఉన్నానట. ఆమెను చేరాలంటే ముందు నన్ను తీయాలి. పెద్దాయన, హోస్టెస్ కలిసి నన్ను సీట్లోకి లాగి, చేతికి అందిన గిన్నె నాకు పెట్టి, తరువాత ఆమె దగ్గరికి వంగారు. నేను కళ్లు తెరిచినప్పుడు హోస్టెస్ ఇంకా ఆమె తల ఒళ్లో పెట్టుకుని గిన్నె సరిచేస్తోంది. నా భార్య పెదవులు నల్లగా ఉన్నాయి. మెడలో తడి తువ్వాలు చుట్టుకుని ఉంది.

బెంగళూరులో దించారు. అక్కడే ఆసుపత్రిలో చేర్చారు. ఆమె ఊపిరితిత్తి ఒకవైపు చిరిగి, గాలి ఛాతీలో నిండిపోయిందన్నారు. పక్కటెముకల మధ్య గొట్టం వేశారు. అక్కడి డాక్టరు తెలుగువాడు, ఆంధ్రా తెలుగు. నేను చేసిందంతా చెప్పాను. ఆయన శాంతంగా విన్నాడు. ఊపిరితిత్తి చిరగడం మాస్కు వల్లా, మాస్కు లేకపోవడం వల్లా కాదు, గాలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవడం వల్ల, ఇలాంటి ఛాతీతో అలా జరగవచ్చు అన్నాడు. గాలి అందకపోతే ఎంతటివాడికైనా బుద్ధి మందగిస్తుంది, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి అన్నాడు. తరువాత అడిగాడు.

"విమానం ఎక్కేముందు ఏ డాక్టరునైనా అడిగారా?"

"మాకు ఎవరూ చెప్పలేదండీ," అన్నాను.

నా భార్య మంచం మీది నుంచి నన్ను చూసింది. మిల్లు డాక్టరు మాట ఇద్దరం కలిసి విన్నాం. ఆమె తల గోడ వైపు తిప్పుకుంది.

బుద్ధి మందగించిందన్న మాటను నేను చాలాకాలం దాచుకుని వాడుకున్నాను. కానీ అది సగానికే సరిపోతుంది. నేను ఆమెను కిందికి లాగినప్పుడు నా బుద్ధి బాగానే ఉంది. ఆమె మొదటిసారి పైకి చూపించినప్పుడు కూడా బాగానే ఉంది. ఆమె ఏం చూపిస్తోందో ఒక్కసారి తల ఎత్తి చూడడానికి బుద్ధి కూడా అక్కరలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆమె చూపించిన వైపు ఎన్నిసార్లు చూశానని ఆ రోజు చూడడానికి?

గొట్టం తీసేసిన రోజు ఆమె నోరు విప్పింది.

"మామా, నేను పైకి చూపించినాను."

"చూసినా పిల్లా. భయపడతా ఉండావనుకున్నా."

"భయపడలేదు. గిన్నె పడింది, అది పెట్టుకుంటే సరిపోతుందని తెలుసును." ఊపిరి కోసం ఆగింది. "నువ్వు నా మొగం మీద చేయి పెట్టేదాకా నాకు భయమే లేదు."

బొంబాయి పోనేలేదు. ఆసుపత్రి నుంచి పంపించాక రైల్లో ఇంటికి తెచ్చాను. రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది, నేను ఎదురుగా. పక్కన కూర్చోబోతే, కాస్త గాలి రానీ అంది.

వీధి వీధంతా మా గుమ్మం ముందే ఉంది. అందరూ ఒక్కసారే అడిగారు. "విమానం నిండా తెల్లగా కమ్మింది, దీన్ని కిందికి లాగి తడిగుడ్డ పెట్టినాను" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మిగతాది వాళ్లే అల్లుకున్నారు. అక్క నా తల నిమిరి నోట్లో చక్కెర పోసింది. "నా బిడ్డను నాకు తెచ్చిచ్చినావురా," అని ఏడ్చింది. నా భార్య లోపలికి పోయి పడుకుంది.

నేను మళ్లీ పనికి పోయిన మొదటి సాయంత్రం, మామూలుగా గుమ్మంలో కూర్చున్నాను. ఆమె నా వెనక కూర్చుని నా తలలో దూది ఏరింది. అయ్యాక వెనక్కి తిరిగితే, ఆమె జడ మీద, చెవి పక్కన ఒక పోగు కనిపించింది. నా చొక్కా నుంచి అంటుకుని ఉంటుంది. తీద్దామని చేయి చాచాను. ఆమె ఎంత వేగంగా వెనక్కి పోయిందంటే, తల వెళ్లి తలుపు చెక్కకు కొట్టుకుంది. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. వీధిలో పోతున్న మనిషి ఆగి చూశాడు. నేను ఆమెను కొట్టబోయాననుకుని ఉంటాడు.

"ఏమీ లేదు మామా, ఏమీ లేదు," అంది.

పోతుందనుకున్నాను. పోలేదు. నేను గదిలో ఉంటే ఆమెకు కన్ను మూతపడేది కాదు. చాప దూరంగా వేసుకున్నాను, నడవలో వేసుకున్నాను. గోడ అవతల నా దగ్గు వినపడినా లేచి కూర్చునేది. అసలే అరకొర ఊపిరి, దానికి నిద్ర కూడా కరువైంది. జ్వరం వచ్చిన రోజు కూడా ఆమె నుదురు తాకడానికి నాకు దారి లేదు.

అక్క ఇదంతా ఎన్నాళ్లు చూడకుండా ఉంటుంది? ఒక మధ్యాహ్నం వచ్చి నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఏరా, నిజం చెప్పు. ఏం చేసినావు దాన్ని?"

చెప్పాను. ఈసారి గిన్నె సంగతి, చేయి పైకి చూపించిన సంగతి, మోకాలి సంగతి, మిల్లు డాక్టరు మాట, అన్నీ చెప్పాను. అక్క తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాను. నీళ్ల తొట్టి వైపు తిరిగింది.

"ఇన్నాళ్లు నీకు అక్కగాను, దానికి అమ్మగాను రెండూ ఉంటిని. ఇంక రెండూ నా చేత కాదురా."

ఆ సాయంత్రం తన చాప తెచ్చి కూతురి పక్కన వేసుకుంది. ఆ తరువాత నన్ను పేరు పెట్టి గానీ, తమ్ముడా అని గానీ పిలవలేదు. అన్నం పెట్టినప్పుడు "తినమను" అని గాలికి చెప్పేది.

నేను మిల్లులో అడిగి ఎప్పటికీ రాత్రి షిఫ్టే వేయించుకున్నాను. అందరూ తప్పించుకునే షిఫ్టు అది. ఎవరూ కాదనలేదు. నేను లేని రాత్రులు ఆమె నిద్రపోయేది. పొద్దున నేను వచ్చేసరికి కాస్త తేరుకుని కనిపించేది. కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి పక్కకు తప్పుకునేది. నేను తీసుకునేవాణ్ణి. మేము పోట్లాడుకోలేదు. వీధి మాటలు, మిల్లు మాటలు మాట్లాడుకునేవాళ్లం. ఒక్కోసారి నవ్వేది కూడా. "నీ తల పండిపోయింది మామా, దూదో వెంట్రుకో తెలియడం లేదు," అనేది దూరం నుంచి. దూది ఏరడం మాత్రం మానేసింది. నేను మిల్లు కొళాయి దగ్గరే తల కడుక్కుని వచ్చేవాణ్ణి.

అలా చాలా ఏళ్లు గడిచాయి. అలాగే గడిచిపోయినా నాకు చాలుననిపించేది. కానీ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మాదీ మూతపడింది. గేటు ముందు అందరూ రేపటి కూడు గురించి ఏడ్చారు. నేను రాత్రుల గురించి ఏడ్చాను. నాకిక పోవడానికి చోటు లేదు. మొదటి కొన్నాళ్లు బస్టాండు అరుగు మీద పడుకున్నాను. పోలీసు లేపితే ఇంకో అరుగు. తరువాత సూలూరు దగ్గర ఒక పవర్‌లూమ్ షెడ్డులో రాత్రి వాచ్‌మన్ పని దొరికింది. సాయంత్రం బస్సుకు పోయి, పొద్దున బస్సుకు వచ్చేవాణ్ణి.

ఒకసారి, మధ్యాహ్నం, అక్క బయటికి పోయినప్పుడు, అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఇంకా నా మీద కోపమా పిల్లా?"

ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చేయి ఆపి, నిజంగానే ఆలోచించింది.

"కోపం లేదు మామా. కోపమైతే ఎప్పుడో పోయుండును. నా మనసులో నీ మీద ఏమీ లేదు. ఈ ఒళ్లే, చెప్పినా వినదు."

కోపం అయితే కాళ్లు పట్టుకోవచ్చు. వినని ఒంటికి ఎవరు క్షమాపణ చెప్పగలరు? నేనే దానికి ఒక్కసారి ఆ భయం నేర్పాను, అది జీవితాంతం మరిచిపోలేదు.

ఆ ఏడాది వానల్లో ఆమె పోయింది. నేను సూలూరులో ఉన్నాను. పొద్దున బస్సు దిగి వీధి మలుపు తిరిగితే గుమ్మం ముందు బెంచీలు వేసి ఉన్నాయి. అక్క చాలా ఏళ్ల తరువాత నన్ను చూసి నేరుగా మాట్లాడింది.

"నిన్న రాత్రి ఆయాసం జాస్తి అయింది. ఆటో పెట్టి నిన్ను పిలిపిద్దునా అంటే వద్దనింది. మామ ఉండనీ, పొద్దున వస్తాడు కదా అనింది."

ఆ మాటలో నా మీద దయ ఉందేమో, లేక చివరి ఊపిర్లు అయినా నేను లేకుండా తీసుకోవాలనుకుందేమో. అక్కను అడగలేదు. అడిగినా ఆమెకు తెలిసి ఉండదు.

మాలో శవాన్ని ఎత్తేముందు అయినవాళ్లు ఒక్కొక్కరూ నోట్లో నాలుగు బియ్యపు గింజలు వేస్తారు. వాయికరిసి అంటారు. అందరూ వేశాక భర్త వంతు. పళ్లెం నా ముందు పెట్టారు. గుప్పెట్లో బియ్యం తీసుకుని కూర్చుండిపోయాను. "వెయ్యప్పా, పొద్దు పోతా ఉంది," అన్నారు వెనక నుంచి. చేయి చాచాను. సగం దూరంలో, అలవాటుగా, ఆగాను. ఆమె వెనక్కి జరగడానికి సమయం ఇచ్చాను.

జరగలేదు. బియ్యం ఆమె పెదవుల మీద పెట్టాను. నా వేళ్లు ఆమె ముఖాన్ని తాకాయి. ఆ ముఖం చల్లగా, కదలకుండా, నా చేతి కింద ఉండిపోయింది. అక్క చూడలేక తల తిప్పుకుంది.